మార్చని పదకొండుమంది

మా బేరిగై ఊరి చుట్టూ బంతి విరగపూస్తుంది, మా జట్టుకు మాత్రం బంతి చిక్కదు. మూడు సీజన్లుగా జిల్లా ఫుట్‌బాల్ లీగులో మేము గోలు కొట్టింది తక్కువ, గోల పెట్టింది ఎక్కువ. ఇలాంటి మాటలు మైకులో విసిరి జనాన్ని నవ్వించడం నా పని. వారమంతా ఎరువుల దుకాణం, ఆదివారం ఆట వ్యాఖ్యానం. మా వైపు మైకు లేని మ్యాచు ఉండదు. ఆటగాడు తప్పు చేస్తే కోచ్ కన్నా ముందు మైకు తగులుకుంటుంది. జనం నవ్వుతారు, ఆటగాడూ తల గోక్కుని నవ్వేస్తాడు. తాతల నాటి ఆనవాయితీ కాకపోయినా తంబీల నాటిది.

అలాంటి నవ్వు ఒకటి మూడేళ్లుగా నన్ను వదలడం లేదు. మైకు కట్టేసి, తీగ చుట్టేసి, ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక కూడా వినిపిస్తుంది. మూడొందల మంది ఒక్కసారిగా నవ్విన నవ్వు. ఫ్యాను వేసినా వినిపిస్తుంది, తీసినా వినిపిస్తుంది.

జూన్ మొదటి ఆదివారం పొద్దున, కోచ్ లక్ష్మణప్పను ఉంచాలా తీసేయాలా తేల్చడానికి క్లబ్బు అధ్యక్షుడు రామచంద్రప్ప పూల షెడ్డులో చేరాం. ఓటమి మీద ఓటు అన్నమాట. లక్ష్మణప్ప రిటైరైన డ్రిల్లు మాస్టరు, పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఇరవై ఏళ్లుగా జట్టే ఇల్లు. తీసేస్తే ఆ మనిషికి పోవడానికి చోటు లేదు.

ఆ రోజు అమ్మణి కూడా వచ్చింది. జట్టు ప్రాక్టీసు చేసే బీడు, దాని పక్క పూలతోట ఆమెవే. మూడేళ్ల కిందట కృష్ణగిరిలో మ్యాచు మధ్యలో లక్ష్మణప్ప ఆమె కొడుకు దర్శన్‌ను బయటికి పిలిచాడు. మ్యాచు ముగియకముందే వాడు ఒంటరిగా బండెక్కి బయలుదేరాడు. హైవే మీద లారీ కింద పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మీటింగుకు రావడం ఇదే మొదలు.

కమిటీలో కుర్రవాడైన ధనశేఖర్ ఫోను చూస్తూ మొదలుపెట్టాడు. "ఓడిన మ్యాచులు ఇరవై రెండు. దాంట్లో పద్దెనిమిదిట్లో డెబ్బై నిమిషాల దాకా సమానంగా ఉండాము. ఆమీట మనోళ్లు కుంటుకుంటా ఉంటే బెంచి మీద ముగ్గురు చెమట పట్టకుండా కూచోనుంటారు. మూడేండ్లలో ఒక్కణ్ణి కూడా మార్చలేదప్పా! ఒక్కణ్ణి!"

"మనకుండే బలమంతా ఆ బెంచీదే కదా, విరగలేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"నువ్వు చెప్పు లక్ష్మణా. యాల మార్చవు?" అన్నాడు రామచంద్రప్ప.

లక్ష్మణప్ప నేలమీది పూరేకుల్ని చూస్తూ చెప్పాడు.

"చెయ్యి లేస్తాది అన్నా. పేరు నోటి దాకా వస్తాది. అంతలో ఆ పిల్లోని వీపు కనపడ్తాది. ఏడో నంబరు. బండి దిక్కు పోతా ఉంటాడు. తిరిగి చూడడు. ఇంక చెయ్యి దించేస్తాను. నేను పిల్చకుండా ఉంటే వాడు తొంభై నిమిషాలూ గ్రౌండులోనే ఉండేటోడు. అందుకే ఎవుర్నీ పిల్చను. ఓడితే ఓడనీ, నా కండ్ల ముందర ఉంటారు. తప్పు నాదే. తీసేయండి."

ధనశేఖర్ ఫోను జేబులో పెట్టేసి కూర్చున్నాడు.

"సరే. తీసేయల్లనే వాళ్లు చేతులెత్తండి" అన్నాడు రామచంద్రప్ప మెల్లగా.

నా చెవుల్లో ఆ నవ్వు మళ్లీ లేచింది.

"ఆగండి. వాడు కోచ్ పిల్చినాడని పోలేదు" అన్నాను.

జరిగిందంతా చెప్పాను. ఆ రోజు వాడు బయటికొచ్చినప్పుడు లక్ష్మణప్ప ముఖం ఆట వైపుంది. నా బల్ల మాత్రం బెంచి ఎదురుగా ఉంది. దర్శన్ వచ్చి కూర్చున్నాడు, బూట్ల లేసులు వదులు చేసుకున్నాడు, పక్కవాడితో ఏదో చెప్పి నవ్వాడు. నేను మైకు అందుకున్నాను. "దర్శన్ తంబీ, ఈడ కూచోని ఏం లాభం? ఇంటికి పో, మీయమ్మకు పూలు కోసేదానికి కూలి ఆళ్లు తక్కువంట!" జనం పగలబడి నవ్వారు. వాడొక్కడే నవ్వలేదు. లేచి బండి దగ్గరికి పోయాడు. మూడొందల మంది విన్నారు. కానీ మా వైపు మైకు మాటను ఎవరూ మాటగా లెక్కపెట్టరు. నేనూ లెక్కపెట్టకుండా ఉండాలని మూడేళ్లు చూశాను. నా జీవితంలో శ్లేష లేకుండా వేసిన జోకు అదొక్కటే.

"చూసినావా నువ్వు?" అన్నాడు లక్ష్మణప్ప. "చూసి మూడేండ్లు గమ్ముగున్నావా?"



అమ్మణి నా వైపు తిరిగింది. "వాడు కూచున్నాడా దాసన్నా?"

"కూచున్నాడమ్మా."

"నీళ్లు తాగినాడా?"

"తాగినాడు. సగం బాటిలు."

"నవ్వినాడంటివే?"

"నవ్వినాడు. నేను నోరు తెరిచేదానికి ముందర."

ఆమె ఆ మూడు జవాబులనూ ఒడిలో పోసుకున్నట్టు కొంగు దగ్గరికి లాక్కుంది. తర్వాత రామచంద్రప్పతో అంది. "లక్ష్మణప్ప ఉండనీ అన్నా. బెంచి మీద పిల్లోళ్లను ఆడించల్ల. ఆ మైకు మాత్రం ఈయప్ప చేతికి ఇంక ఇయ్యొద్దు."

ఆ మాటకు అందరికన్నా ముందు లేచింది నా చెయ్యే.

మరుసటి ఆదివారం కృష్ణగిరిలో మ్యాచు. మైకు ఎవరికీ ఇవ్వలేదు. బూట్ల చప్పుడు, ఆటగాళ్ల రొప్పు గట్టుమీదికి వినిపిస్తున్నాయి. ఆ నిశ్శబ్దంలో నా చెవుల్లోని పాత నవ్వుకు అడ్డే లేకుండా పోయింది. స్కోరు ఒకటి, ఒకటి. డెబ్బై రెండో నిమిషంలో మా శరవణన్ పిక్క పట్టేసి కూలబడ్డాడు. లక్ష్మణప్ప చెయ్యి లేచింది, సగంలో ఆగింది.

"శరవణా, వచ్చెయ్యప్పా!"

వాడు కుంటుతూ వచ్చి బెంచి మీద కూర్చున్నాడు. బదులుగా కొత్తవాడు లోపలికి ఉరికాడు. లక్ష్మణప్ప గీత దగ్గరికి తిరిగి పోలేదు. శరవణన్ పక్కనే కూర్చుని వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

ఎనభై ఆరో నిమిషంలో మా జట్టు గోలు కొట్టింది. ధనశేఖర్ నా మోచేయి పొడిచాడు.

"చూడప్పా! ఆట విడిచి కోచ్ యాడ చూస్తా ఉండాడో!"

లక్ష్మణప్ప గోలు చూడనేలేదు. చివరి విజిల్ దాకా శరవణన్ నీళ్లు తాగడాన్నే చూస్తూ ఉన్నాడు.