పై కొమ్ము, కింది కొమ్ము

ముందుపన్ను ఊగడం మొదలైన రోజే నా ఉద్యోగమూ ఊగింది. కొమ్ముబూర ఊదేవాడి పెదవికి ఆసరా ఆ పన్నే.

బ్ర్నో పట్నం నాటకశాల వాద్యబృందంలో పై కొమ్ము నాది. మా రోజుల్లో పై స్వరాలు ఊదేవాడు వేరు, కింది స్వరాలు ఊదేవాడు వేరు. కింది కొమ్ము టోబియాష్‌ది. వాణ్ణి పదకొండేళ్లు ‘నేలమాళిగ’ అని పిలిచి ఏడిపించాను.

కుర్రతనంలో నేను ఒక ప్రభువుగారి కొలువులో ఉండేవాణ్ణి. మధ్యాహ్నం సూప్ వడ్డించి, సాయంత్రం అవే నౌకరు బట్టల్లో వాద్యాలు పట్టేవాళ్లం. మొత్తం పదిహేను మందిమి. మొదటి వయొలిన్ ఆయన కమాను ఊపితే మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు నలభై మందిమి, అందరి ముందూ కర్రతో తాళం చూపిస్తూ హ్లావాచ్ గారు. అది చాలదన్నట్టు మీటల కొమ్ములొచ్చాయి. ఇదివరకు శ్రుతి మారినప్పుడల్లా గొట్టం ఊడదీసి ఇంకోటి తగిలించేవాళ్లం. ఇప్పుడు మీట నొక్కితే చాలట. కాఫీ మర అని వెక్కిరించి, నేను దాన్ని ముట్టుకోలేదు.

నవంబరులో పన్ను ఊడింది. సాధనలో పై స్వరం రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే ఇంటికే.

ఆ సాయంత్రం టోబియాష్ తన మీటల కొమ్ము నా ఒళ్లో పెట్టాడు. “కింది స్వరాలకి పెదవి అంత బిగించక్కర్లేదన్నా. మిగతాది మీటలు చూసుకుంటాయి. నువ్వు కిందికి రా, నేను పైకెళ్తా” అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆరువారాలు వాడు నేర్పాడు, వాళ్లావిడ అన్నం పెట్టింది. నా వేళ్లు తడబడితే, మరలో కాఫీ ఇంకా నలగలేదా అని వాడు నవ్వేవాడు. పడ్డాను, తప్పుతుందా.

కుర్చీలు ఎందుకు మార్చుకుంటున్నారని హ్లావాచ్ గారు అడిగారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. టోబియాష్ అడ్డొచ్చాడు.

“పదకొండేళ్లు కింద కూర్చుని విసుగెత్తిందండీ. కాళ్లావేళ్లా పడితే ఇదిగో ఈ వెండెలీన్ అన్న ఒప్పుకున్నాడు.”

నా ఉద్యోగమూ నిలిచింది, పరువూ నిలిచింది. ఆ మాటకి నేను బతికున్నంత కాలం వాడికి రుణపడే ఉంటాను.

ఆదివారం కచేరీలో కొమ్ము ఒంటరిగా పలికే చోటు వచ్చింది. టోబియాష్ ఎత్తుకున్నాడు, రెండో పాదంలో నేను కింది స్వరాలతో కలిశాను. వాడి స్వరం ఎక్కడా వణకలేదు.

“పై కొమ్ము నేనెప్పుడూ నీ అంత బాగా ఊదలేదురా” అన్నాను బయటికొచ్చాక.

“ఊదావన్నా. నీకు వినపడలేదంతే. కింద ఉన్నవాడికే తెలుస్తుంది” అన్నాడు.

పదకొండేళ్లుగా నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి నా పక్కనే ఉన్నాడు. నేను వాణ్ణి వినడం ఆ ఆదివారమే మొదలుపెట్టాను.