బీ సెక్షన్‌కు చెప్పకూడని వ్యాయామం

ఆ నర్సమ్మ కాలు ఒకచోట నిలవదని ఇంట్లో అందరూ అనేవారు. వార్డులో ఏళ్ల తరబడి పరుగులు పెట్టిన కాళ్లు, చదువుకోసం సెలవు పెట్టి కూర్చోమంటే కూర్చుంటాయా? వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉండేది. పై చదువుకు ఒక పరిశోధన చేయాలి. అది గట్టెక్కితేనే డిగ్రీ, డిగ్రీ వస్తేనే నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఇది గాని తప్పిందా, మళ్లీ నైట్ డ్యూటీల్లో పడాల్సిందే.

ఆ పరిశోధన పేరు బారెడుంటుంది గాని సంగతి చిన్నదే. హైస్కూలు ఆడపిల్లల నెలసరి నొప్పి మందుబిళ్ల లేకుండా వ్యాయామంతో తగ్గుతుందా, తగ్గదా? మోకాళ్ల మీదా అరచేతుల మీదా ఆని, ఊపిరి వదులుతూ వీపును పైకి వంచాలి, పీలుస్తూ కిందికి దించాలి. ఆ తర్వాత మడమల మీద కూర్చుని, ముందుకు వాలి నుదురు నేలకు ఆనించాలి. రోజూ కాసేపు చేస్తే చాలు. ఒక సెక్షన్‌కు ఇది నేర్పాలి, ఇంకో సెక్షన్‌కు నేర్పకూడదు, చివర్లో రెండు సెక్షన్ల పిల్లల నొప్పినీ పోల్చి చూడాలి. నేర్పని పిల్లలకు ఆ తర్వాత ఎటూ నేర్పుతారు. అందాకా వాళ్ల చెవిన పడిందా, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

బడి దొరకడమే గగనమైపోయింది. ఏ హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగినా పరీక్షలంటుంది, తనిఖీలంటుంది. కాళ్లావేళ్లా పడగా పడగా కూతురు చదివే బడిలోనే ఒప్పుకున్నారు. ‘ఏ’ సెక్షన్‌కు పొద్దుటిపూట బడి, బీ సెక్షన్‌కు మధ్యాహ్నం. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఇంతకన్నా ఏం కావాలని ఆమె సంబరపడింది. చీటీ వేస్తే, నేర్పాల్సింది ‘ఏ’ సెక్షన్‌కని వచ్చింది. కూతురున్నది బీలో.

ఆ కూతుర్ని ఇంట్లో రేడియో అనేవారు. నోట్లో నువ్వుగింజ నానదు. బడిలో టీచరు తుమ్మిన సంగతి కూడా భోజనాల దాకా సాగదీసి చెబుతుంది. అలాంటి పిల్ల ఆ నెల నొప్పికి మంచం మీద ముడుచుకుపోయి మాట మానేసింది. తల్లి వేడినీళ్ల సంచి పెట్టింది, నడుము రాసింది. వాళ్లకు నేర్పేదేదో తనకూ నేర్పమని పిల్ల ఏడుపు గొంతుతో అడిగింది.

పొద్దున్నే గదినిండా పరాయి పిల్లలకు నేర్పి వచ్చిన మనిషి, కన్నకూతురికి నేర్పనని ఏ నోటితో అంటుంది? వరండాలోకి వెళ్లింది, వంటింట్లోకి వచ్చింది. నీ పరిశోధన మండిపోను, పిల్లకు చెప్పి చావరాదా అని భర్త విసుక్కున్నాడు. ఆయన లారీ నడుపుతాడు, ఆయనకేం, ఎన్నయినా అంటాడు. మీరైతే ఏం చేసేవారో గాని, ఆమె తలుపు దగ్గరగా వేసి నేల మీద దుప్పటి పరిచింది.

అంతా నేర్పాక పిల్ల గడ్డం పట్టుకుంది.

"నీ ఫ్రెండ్స్‌కి ఎవరికీ చెప్పకే. చెప్పావంటే నా చదువు మునిగిపోతుంది. నా మీద ఒట్టు."

రేడియో తలూపింది.

మర్నాడు ఆమె తన గైడు మేడం దగ్గరకు వెళ్లి, సొంత కూతురు కాబట్టి ఆ పిల్లను లెక్కలోంచి తీసేస్తానని సగం నిజం చెప్పింది. మేడం సరేనంది. అక్కడితో మనసు కుదుటపడాలా, పడలేదు. ఆ నెలంతా ఆమెకు కంటిమీద కునుకుంటే ఒట్టు. బీ సెక్షన్ పిల్ల ఎవరైనా మెట్ల దగ్గర బూటు లేసు కట్టుకోవడానికి వంగినా గుండె గుభేలుమనేది. ఎవరికైనా చెప్పావా అని పొద్దున అడిగేది, సాయంత్రం మళ్లీ అడిగేది. లేదని పిల్ల చెప్పినా నమ్మేది కాదు.

రేడియోకు బెంచీలో పక్కన కూర్చునేది పొడుగుపిల్ల. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. బడి మొత్తంలో ఆ పిల్లంత వేగంగా పరిగెత్తేవాళ్లు లేరు. తీరా పరుగుపందేలకు ఎంపిక చేసే రోజున, నొప్పికి తట్టుకోలేక వాంతి చేసుకుని ఆఫీసు పక్కగదిలో పడుకుంది. బయట ఈల వేశారు, మిగతా పిల్లలు పరిగెత్తారు. రేడియో ఆ పక్కగదిలో దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి అన్నం వద్దంది.

జరిగిందంతా తల్లి విన్నది. ముందునుంచీ రోజూ చేసి ఉంటే ఆ పిల్లకు అంత బాధ ఉండకపోయేదేమోనని ఆమెకు తోచకపోలేదు. అయినా నోటికి వచ్చిన మాట మాత్రం ఒకటే. చెప్పలేదు కదా? లేదంది పిల్ల. తల్లి హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తనను తాను తిట్టిపోసుకుంది గాని, అప్పుడు అనుకున్నమాట నిజం.

చివరి లెక్క తేలింది. ‘ఏ’ సెక్షన్‌లో నొప్పి బాగా తగ్గింది, బీలో ఎక్కడిదక్కడే ఉంది. ఇక బీ సెక్షన్‌కు నేర్పే రోజు వచ్చింది. ఆమె ఆ మధ్యాహ్నం గాలిలో తేలుతున్నట్టే బడికి వెళ్లింది. బెంచీలు పక్కకు జరిపించి, ఆ సంబరంలో వెనకాముందూ చూడకుండా, నేను చెబుతుంటే నువ్వు చేసి చూపించవే అని కూతుర్ని ముందుకు పిలిచింది.

మోకాళ్ల మీదా అరచేతుల మీదా ఆనమని మాత్రమే చెప్పింది. వంచమని ఇంకా అననేలేదు, ఊపిరితో పాటే పిల్ల వీపు పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. చెప్పకుండానే మడమల మీద కూర్చుంది, నుదురు నేలకు ఆనించింది. రోజూ చేసిన ఒళ్లాయె, దానికి నటించడం ఎలా తెలుస్తుంది? ముందుగా లేచి నిలబడింది పొడుగుపిల్లే.

"నీకిది ముందే తెలుసా?"

రేడియో నేలమీంచి తల ఎత్తలేదు.

"సెలక్షన్ రోజు కూడా తెలుసా?"

"దాన్నేం అనకమ్మా," అంది నర్సు. "చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే."

"సరే ఆంటీ," అంది ఆ పిల్ల, మర్యాదగానే. సంచి తీసుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది. అక్కడ అందరితో పాటు వ్యాయామం నేర్చుకుంది, చక్కగా చేసింది కూడా.

సాయంత్రం గైడు మేడం ఫోన్ చేసి తెగ మెచ్చుకుంది. బీ సెక్షన్‌కు ఒక్క మాటైనా పొక్కకుండా ఎంత జాగ్రత్తగా చేశావని. ఆ జాగ్రత్త నాది కాదు మేడం అని ఆమె అనబోయి, థాంక్స్ మేడం అని ఫోన్ పెట్టేసింది. డిగ్రీ చేతికొచ్చినట్టే. సిగ్గుతో ఆమె ఒళ్లు చచ్చిపోయింది.

భోజనాల దగ్గర, లారీ దిగి వచ్చిన తండ్రి, ఇవాళ రేడియో మూగబోయిందేమని వేళాకోళమాడాడు. పిల్ల నవ్వలేదు. తల్లి కాసేపు వరండాలో తిరిగి వచ్చి పక్కన కూర్చుంది.

"ఒట్టు తీసి గట్టున పెట్టేశానే. ఇక నీ ఇష్టం, ఎవరికైనా చెప్పుకో."

"ఇప్పుడెవరికి చెప్పనమ్మా?" అంది పిల్ల. "అందరికీ నువ్వే నేర్పేశావుగా."

సగం తిన్న కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.