నోరు ఆడిస్తే చాలు

నిన్నగాక మొన్న మా థియేటరుకు అతిథిగా వచ్చిన, పాటనూ వాద్యాలనూ నడిపించే కుర్ర మాయెస్త్రో, కచేరీకి ముందురోజు రిహార్సల్లో లొరెడానా ఎదుట ఆగి, "సిన్యోరా, రేపు మీరు పాడకండి. నోరు ఆడిస్తే చాలు," అన్నాడు. అందరూ వింటుండగానే! నాకు ఒళ్ళు మండిపోయింది.

లొరెడానా మా ఒపెరా బృందంలో ముప్ఫై నాలుగేళ్ళుగా పాడుతోంది. రేపటి కచేరీయే ఆమెకు ఆఖరిది. గొంతులో కాస్త జీర వచ్చిన మాట నిజమే. అయితే మాత్రం?

"వాడేదో కూస్తే నువ్వు తలూపుతావేంటక్కా?" అని బయట కాఫీ తాగుతూ నిలదీశాను.

"ఊరుకోవే గ్రాజియెల్లా. మనందర్నీ నడిపించే కర్ర ఆయన చేతిలో ఉంది."

"ఆ కర్రతోనే వాడి నెత్తిన ఒకటివ్వాలి!"

"నీ నోటికి తాళం లేదే," అని నవ్వింది. కాఫీ మాత్రం సగంలోనే వదిలేసింది.

ఆ కచేరీలో ఒకచోట వాద్యాలన్నీ ఆగిపోతాయి. మంద్రంలో పాడే పన్నెండుమంది ఆడవాళ్ళం ఒకే స్వరాన్ని సన్నగా నిలబెట్టాలి. అంతసేపటికి ఎవరి ఊపిరీ చాలదు. అందుకే వంతులు వేసుకుంటాం. పక్కమనిషి పాడుతుండగా మనం ఊపిరి తీసుకోవాలి, వినేవాళ్ళకు స్వరం తెగినట్టు తెలియకూడదు. నాకు ఆ విద్య నేర్పింది లొరెడానాయే.

"రేపు అక్కడ ఎవరూ పాడొద్దు. అందరం నోరే ఆడిద్దాం. వాడికి దిమ్మ తిరగాలి," అని మిగతా పదిమందికీ చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. లొరెడానాకు మాత్రం చెప్పలేదు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. లొరెడానా, మాయెస్త్రో చెప్పినట్టే నోరు ఆడిస్తూ నిలబడింది. ఆ చోటు రానే వచ్చింది. వాద్యాలు ఆగాయి, మాయెస్త్రో చెయ్యెత్తాడు. మా నోళ్ళు తెరుచుకున్నాయి, చప్పుడు లేదు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. నా కసి తీరింది.

అంతలో నా పక్కన జీరగొంతు లేచింది. లొరెడానా ఒక్కతే ఆ స్వరాన్ని పట్టుకుంది! మెడనరాలు ఉబ్బాయి, ఊపిరి అయిపోతోంది. అందుకోవే అన్నట్టు నా వైపు చూసింది. సిగ్గుతో తల దించేసుకున్నాను. స్వరం తెగిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "నీ కోసమే చేశానక్కా..."

"నా కోసమా? సిగ్గులేదూ? ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారైనా తెగిందటే? నా ఆఖరి రోజునే తెంపారు కదే!"

పాటల పుస్తకాన్ని నా ఒళ్ళోకి విసిరేసి, కోటైనా వేసుకోకుండా వెళ్ళిపోయింది.