అయిదు వారాల నోటీసు

ఎవాంజెలిన్ గార్డులకు ఫోన్ చెయ్యబోతోంది. ఐర్లండులో పోలీసులను అలాగే పిలుస్తారు. ఫిర్యాదు పక్కింటి ఫ్రాంక్ మీద. డెబ్బై దాటిన ఆ మనిషి మా ఎదురుగానే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా తెలుగు ఆయనకు అర్థం కాదు. మాట్లాడేది తన గురించేనని మాత్రం తెలుస్తోంది.

"ఒక్క నిమిషం ఆగు, సిస్టర్," అన్నాను.

"దేనికి ఆగాలి లాజరన్నా? సంఘానికి కార్యదర్శివి నువ్వు. అసలు ఈ ఫోన్ నువ్వు చెయ్యాలి. చూడు, ఎంత అమాయకంగా కూర్చున్నాడో. ఎప్పుడు పలకరించినా అంతా బాగుందన్నట్టు గ్రాండ్, గ్రాండ్ అంటూనే గొయ్యి తీశాడు."

నేవన్ పట్టణ శివార్లలో ఖాళీగా పడి ఉన్న ఈ గోదామును ప్రార్థనా మందిరంగా మార్చుకుంటామని మా తెలుగు సంఘం కౌంటీ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టింది. ఆ సంగతి తెలిపే నోటీసు అయిదు వారాల పాటు గేటు మీద అందరికీ కనిపించాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఎవరైనా రాసివ్వొచ్చు. ఫ్రాంక్ రాశాడు. ఆదివారాలు తన గేటుకు కార్లు అడ్డం పెడతారేమోనని, కింద పేరూ చిరునామా పెట్టి మరీ రాశాడు.

పోయిన సోమవారం ఉదయం కౌన్సిల్ మనిషి తనిఖీకి వచ్చేసరికి గేటు మీద నోటీసు లేదు. దరఖాస్తు చెల్లదని నిన్న ఉత్తరం వచ్చింది. మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. అన్నాళ్ళు ఆగలేనని, వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని గోదాము యజమాని చెప్పేశాడు.

మా ప్రాంతపు కౌన్సిలర్ మెయిరేడ్‌ను ఈరోజు ఇక్కడికి మేమే పిలిపించాం. ఆవిడ ఆఫీసరుకు ఒక్క ఫోన్ కొడితే పనైపోతుందని మావాళ్ళ నమ్మకం. గుంటూరులో కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళి వచ్చిన అనుభవం అది. ఆవిడ మాత్రం ఓపిగ్గా వివరించింది. బడ్జెట్‌కూ, ఊరి అభివృద్ధి ప్రణాళికకూ కౌన్సిలర్లు ఓటు వేస్తారు. ఇలాంటి దరఖాస్తుల మీద నిర్ణయం అధికారులది. అందులో తను వేలు పెట్టకూడదు. నోటీసు ఎలా మాయమైందో తెలిస్తే కొత్త దరఖాస్తుకు మేలు, అంది.

నాకు తెలుసు. ఈ గదిలో నాకొక్కడికే తెలుసు.

తనిఖీకి ముందు రోజు ఆదివారం, ఈ గోదాము చూడ్డానికి బాలింకాలిగ్ అనే ఊరి నుంచి బిషప్ గారు వచ్చారు. మా ఊళ్ళో గేటుకు మున్సిపాలిటీ కాగితం అంటించారంటే పన్ను ఎగ్గొట్టారనో, కూల్చేస్తారనో అనుకుంటారు. ఆయన కారు దిగుతూనే దాన్ని చూస్తే మా సంఘం పరువేం కావాలి? శనివారం మధ్యాహ్నం వెళ్ళి నేనే విప్పేశాను. అయిదు వారాల నిబంధన తెలియక కాదు. ఆ నోటీసు రాసిందే నేను. రెండు రోజులేగా అనుకున్నాను. సోమవారం డ్యూటీ దిగి మళ్ళీ కట్టేసరికి తనిఖీ అయిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. నిన్న ఉత్తరం చదివి అందరూ తెల్లబోతే, "ఫ్రాంక్ అభ్యంతరం రాశాడుగా," అన్న మొదటి నోరు నాది.

మెయిరేడ్ ఫ్రాంక్‌ను నేరుగానే అడిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చించేవాణ్ణే అయితే పేరు పెట్టి ఉత్తరం ఎందుకు రాస్తాను?" అన్నాడు. మళ్ళీ, "నలభై ఏళ్ళుగా ఈ వీధిలో ఉంటున్నాను. నా గుమ్మంలోకి గార్డులు ఎప్పుడూ రాలేదు," అన్నాడు.

ఎవాంజెలిన్ నంబరు నొక్కింది. అవతల మోగడం నాకు వినిపించింది.

"ఫోన్ పెట్టెయ్, సిస్టర్. నోటీసు తీసింది నేను."

తెలుగులో అన్నాను. మావాళ్ళంతా నావైపు తిరిగారు. ఎవాంజెలిన్ ఫోన్ కట్ చేసింది. బిషప్ గారి గురించి ఏదో చెప్పబోయాను.

"నాకెందుకు చెప్తావ్? నిన్నటినుంచి నువ్వు దొంగను చేసింది ఆయన్ని. ఆయనకు తెలిసే భాషలో చెప్పు."

పదిహేనేళ్ళుగా ఇంగ్లీషులోనే ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఒక్క ముక్కకు మాత్రం మాటలు వెతుక్కున్నాను.

"ఎవరో తెలిసిందా?" అని అడిగింది మెయిరేడ్.

లేచి ఫ్రాంక్ కుర్చీ ముందుకు వెళ్ళాను. ఆయన తలెత్తి చూశాడు. తల దించుకోవాలనిపించింది. దించుకోలేదు.

ఇంగ్లీషులో చెప్పాను. "మీరు కాదు, ఫ్రాంక్. నోటీసు తీసింది నేను, లాజరస్."