తాగుబోతు మలుపు

బోర్డు మీది పేరు పెద్దలు పెడతారు. నోట్లో నానే పేరు జనం పెడతారు. జనం నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

పెద్ద రోడ్డు కొండను చుట్టి దిగేచోట ఉన్న బస్‌స్టాపుని మూడేళ్ళుగా అందరూ తాగుబోతు మలుపు అనే అంటున్నారు. ఆ దారిన తిరిగే బస్సులో కండక్టరమ్మ ఒక్కతే ఆ మాట అనదు. "బంకు తర్వాత స్టాపు! దిగేవాళ్ళు ముందుకి రండి!" అని అరుస్తుంది. ఎందుకనదంటే, జనం తాగుబోతంటున్నది ఆమె సొంత అన్నని.

అన్న ఒక సినిమా నటుడి దగ్గర డ్రైవరు. ఆ నటుడికి నవ్వులదొర అని బిరుదు. తెర మీద ఆయన కనబడితే చాలు, గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా కిసుక్కున నవ్వేది. ఒక సాయంత్రం వాళ్ళ కారు ఆ మలుపులో రాతిగోడని గుద్దుకుంది. ఇద్దరూ కారులోంచి ఎగిరిపడి అక్కడికక్కడే పోయారు. డ్రైవరు తాగి నడిపాడని తెల్లారేసరికి లోకమంతా తేల్చేసింది.

కానీ కారు గుద్దుకోవడానికి కాసేపటి ముందే అన్న ఆమెకి ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి, "సారు బాగా పుచ్చుకున్నారే. స్టీరింగు ఆయనే పట్టుకున్నారు, ఇవ్వమంటే వినట్లేదు. నేను పక్కన కూర్చున్నా. మీ వదినకి చెప్పకు, కంగారుపడుతుంది," అన్నాడు. అన్నేమో మందు వాసనంటేనే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. ఈ సంగతి ఆమె పోలీసులకి చెప్పింది, విలేకరులకి చెప్పింది. "చెల్లెలివి, అలా కాక ఇంకెలా చెప్తావమ్మా!" అన్నారు. ఆ నటుడు బతికున్నన్నాళ్ళూ దొర, పోయాక దేవుడు. దేవుడి మీద ఫిర్యాదు ఎవడు రాసుకుంటాడు?

వదినకి ఆ మలుపు దగ్గరే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. రోజూ ఈ బస్సే ఎక్కాలి. ఎక్కుతుంది కానీ స్టాపు పేరు చెప్పదు. చూపుడువేలు ముందుకి చూపిస్తుంది, ఆడపడుచు టికెట్టు కొట్టి చేతిలో పెడుతుంది.

ఇంతలో కబురొచ్చింది. బంకు నుంచి వంతెన దాకా ఉన్న రోడ్డుకి నవ్వులదొర పేరు పెడుతున్నారట. స్టాపుకి కూడా అదే పేరట.

"పోనీలేమ్మా, ఆ పాడు పేరు వదిలిపోతుంది," అన్నాడు బస్సు డ్రైవరు. ఆయన నడిపే తీరు చూసి డిపోలో అందరూ ఆయన్ని నత్త అంటారు.

"పాడు పేరు పోదు. మా అన్నకి ఆ తిట్టు, దొరకి ఈ బోర్డు," అంది కండక్టరమ్మ.

ఆ సంగతి చెప్పగానే వదిన ముఖం రాయైపోయింది. "వాళ్ళు మీ అన్నని తాగుబోతంటే పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. ఆయన్ని పొట్టనపెట్టుకున్నవాడి పేరు కింద రోజూ దిగి పనికి పోవాలా? నావల్ల కాదు. పని మానేస్తాను."

మానేస్తే ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు.

డిపోలో కంట్రోలరు టికెట్టు మిషన్లో కొత్త పేరు ఎక్కించి ఇచ్చాడు. "నీ బంకూ గింకూ కుదరదు. ఈ పేరు గట్టిగా పిలవాలి. లేదంటే డ్యూటీ లేదు," అన్నాడు.

బోర్డు పెట్టిన మర్నాడు బస్సు కిక్కిరిసి ఉంది. వదిన తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని తలొంచుకు నిలబడింది. బంకు దాటింది. కండక్టరమ్మ "నవ్వులదొర మార్గం!" అని అరిచింది. తన గొంతు తనకే పరాయిదనిపించింది.

వెనక సీట్లోంచి ఒక ముసలాయన గాభరాగా లేచాడు. "అదెక్కడమ్మా? నేను తాగుబోతు మలుపులో దిగాలి!"

వదిన వేళ్ళు కడ్డీ మీద బిగుసుకున్నాయి. కండక్టరమ్మ ఆ వేళ్ళనే చూసింది. మూడేళ్ళుగా గొంతులో అడ్డంపడ్డ మాట అప్పుడు ఊడివచ్చింది.

"అదే తాతా, తాగుబోతు మలుపే. ఇప్పుడు ఆయన పేరే పెట్టారు."

"ఓహో, ఆయనదేనా! ముందే పెట్టాల్సింది," అంటూ ముసలాయన దిగిపోయాడు.

బస్సులో ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వు వెనక దాకా పాకింది. దొర బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కున్న ఒకాయన మాత్రం, "మాటలు జాగ్రత్త! డిపోలో చెప్తా నీ సంగతి," అని వేలు చూపించాడు. నత్త అద్దంలోంచి కళ్ళు తిప్పుకున్నాడు. వదిన వెనక్కి చూడకుండా దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే సంజాయిషీ అడుగుతూ కాగితం చేతికొచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వదిన మళ్ళీ ఈ బస్సెక్కుతుందో లేదో అదీ తెలియదు. ఆ రెండో భయమే ఎక్కువగా ఉంది.

మర్నాడు పొద్దున్న వదిన ఎక్కింది. జనాన్ని తోసుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి వేలు చూపించలేదు.

"తాగుబోతు మలుపు, ఒకటి," అంది, బస్సంతా వినబడేలా.

కండక్టరమ్మ మీట నొక్కింది. టికెట్టు మీద దొర పేరు అచ్చయి వచ్చింది.