స్వర్ణకుమారి గారి పాత ఇంగ్లీషు

స్వర్ణకుమారి గారికి బైబిలు తర్వాత అంత నమ్మకం నరసాపురం మిషన్ స్కూలు టీచరమ్మ నేర్పిన ఇంగ్లీషు మీదే. కెనడాలోని ఒషావాలో వృద్ధుల హోమ్‌లో పనికి చేరాక రోజువారీ రిపోర్టు కూడా ‘ఐ బెగ్ టు స్టేట్’ అనే మొదలుపెట్టేవారు.

శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతుంది. సోమవారం సూపర్‌వైజర్ పిలిచింది.

“మీ పనికి వంక పెట్టను. ఇంగ్లీషే మరీ వందేళ్ల నాటిది. మామూలుగా మాట్లాడండి. శుక్రవారం చూసి చెబుతాను.”

ఈ ఉద్యోగం పోతే కెనడాలో శాశ్వతంగా ఉండడానికి పెట్టుకున్న పీఆర్ ఫైలు కూడా ఆగిపోతుంది.

“నేను రాసింది తప్పా?” అని ఇంటికొచ్చి కూతురు టీనాను అడిగారు.

“నాట్ రాంగ్, మామ్. జస్ట్ ఓల్డ్.”

“తప్పు కానప్పుడు మానడమెందుకే?” అంటూనే, గోంగూర వలుస్తూ ‘వాట్సప్’, ‘నో వర్రీస్’ వల్లె వేశారు.

శుక్రవారం మధ్యాహ్నం సూపర్‌వైజర్ గుమ్మంలో నిలబడింది. మంచం మీద విన్నిఫ్రెడ్, తొంభై నాలుగేళ్ల మనిషి. ఎవరు తినమన్నా గోడవైపు తిరిగిపోతుంది, ఒక్క స్వర్ణకుమారి చేతే తింటుంది.

“హాయ్ విన్నీ! వాట్సప్?”

అలవాటులేని ఔపాసన చేస్తే మూతిమీసాలు కాలాయట. ముసలావిడ గిన్నె అవతలికి నెట్టేసింది.

“నువ్వెవరు? ఆ మర్యాద తెలిసిన ఆవిడ ఏమైంది?”

సూపర్‌వైజర్ ఏదో రాసుకుంది. స్వర్ణకుమారికి ఏడుపొచ్చింది. పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది, ఈ తల్లి ఆకలితో ఎందుకుండాలి అనుకున్నారు.

“ఐ బెగ్ యువర్ పార్డన్, మేడమ్. వుడ్ యూ బి సో కైండ్ యాజ్ టు టేక్ ఎ లిటిల్ సూప్?”

“ఐ షల్ బి డిలైటెడ్,” అని విన్నిఫ్రెడ్ కాలరు సర్దుకుని, గిన్నె ఖాళీ చేసేసింది.

సాయంత్రం సూపర్‌వైజర్ పర్మనెంట్ చేసిన కాగితం చేతిలో పెట్టింది. “రిపోర్టులు మాత్రం ఈనాటి ఇంగ్లీషులో రాయండి,” అంది. వెళ్లబోతూ, “నేను బై అంటే విన్నిఫ్రెడ్ పలకదు. ఏమనాలి?” అని అడిగింది.

స్వర్ణకుమారి నేర్పారు. సూపర్‌వైజర్ గుమ్మంలో నిలబడి, తడబడుతూ, “ఐ టేక్ యువర్ లీవ్, మేడమ్,” అంది.

విన్నిఫ్రెడ్ కళ్లజోడు పైనుంచి చూసి, వెళ్లొచ్చన్నట్టు చెయ్యూపింది. ఆమె వెళ్లగానే స్వర్ణకుమారి వైపు తిరిగి, “ఈ పిల్ల ఇప్పుడిప్పుడే దారికొస్తోంది,” అంది.