అత్తగారికి సాయం

"ట్రాలీ నువ్వు తొయ్యి వెంగ్. మగాడు తోస్తే ఇక్కడ బాగోదు. ఇది సౌదీ."

ఎఫ్రెన్ ఈ మాట అంటూండగానే సూపర్‌మార్కెట్లో వాళ్ళ పక్కనుంచి ఒక సౌదీ మగమనిషి వెళ్ళాడు. తెల్లటి పొడుగు చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, ట్రాలీలో ఒక పిల్లవాణ్ణి, చంకన ఒక పిల్లని వేసుకుని, ఏ సైజు డైపర్లు తేవాలో ఫోన్లో భార్యని అడుగుతున్నాడు. అతను వెంగ్ అని పిలిచే భార్య రోవీనా చూసింది. ఎఫ్రెన్ చూడలేదు. తనకి పనికొచ్చే సౌదీనే అతను చూస్తాడు. అక్కర్లేని సౌదీ అతని కంటికి ఆనదు.

ఆమె ట్రాలీ తోసింది. వెనకాల పదమూడేళ్ళ కూతురు కైలా తలొంచుకుని నడుస్తోంది.

ఆ పొద్దున రోవీనా రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికే ఎఫ్రెన్ బాస్కెట్‌బాల్ స్నేహితులు సోఫాల నిండా ఉన్నారు. శుక్రవారం కదా మరి. రాత్రంతా డయాలిసిస్ మంచాల చుట్టూ తిరిగిన కాళ్ళతోనే ఆమె ఎండుచేపలు వేయించింది, వెనిగర్ పోసి కోడికూర చేసింది, పెద్ద గిన్నెడు అన్నం వండింది. వాళ్ళు తిని, పళ్ళు కుట్టుకుని, ఆ పుల్లలు పళ్ళెంలోనే పడేసి లేచారు. చెమటకి తడిసిన చొక్కాలు కుర్చీ మీద వదిలేసి వెళ్ళిన వాళ్ళు కూడా ఉన్నారు. వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని మిషన్లో వేస్తుంటే రోవీనాకి కడుపులో తిప్పింది. రోగుల వాంతులూ రక్తాలూ ఎత్తిన చేతులే అవి. ఏనాడూ తిప్పని కడుపు ఆ చొక్కాలకి తిప్పింది.

ఎఫ్రెన్ ఆమె వీసా మీద వచ్చిన మనిషి. అతని నివాస కార్డు మీద 'పని చేయడానికి వీల్లేదు' అని అచ్చేసి ఉంటుంది. ఆ మాటని అంత నిష్ఠగా పాటించే మనిషిని ఖోబార్ ఊరు మొత్తంలో రోవీనా ఇంకొకణ్ణి చూడలేదు. ఉద్యోగం ఒక్కటే కాదు, అంట్లు తోమడానికీ, బట్టలు ఆరెయ్యడానికీ, చివరికి రైస్ కుక్కర్ మీట నొక్కడానికీ కూడా వీల్లేదనే అతను అర్థం చేసుకున్నాడు.

వచ్చిన కొత్తలో అతని తప్పేమీ లేదు. అప్పుడు ఆడవాళ్ళు కారు నడపడానికి లేదు, నల్ల బురఖా లేకుండా గడప దాటడానికి లేదు. దుకాణాల్లో మాటలన్నీ మగవాడితోనే. "ఏం చేస్తాం వెంగ్, ఇది సౌదీ" అని ఎఫ్రెన్ సిగ్గుపడుతూ అనేవాడు. తర్వాత్తర్వాత సిగ్గు పోయింది, మాట మిగిలింది. ఏటీఎం కార్డు అతని పర్సులోకి చేరింది. వాళ్ళ సొంతూరు ఇలోయిలోలో ఏ ఇంటిలోనైనా జీతం ఆడదాని చేతికి రావాల్సిందే. రోవీనా నాన్న జీప్నీ బస్సు నడిపి, సాయంత్రానికి చిల్లరతో సహా తెచ్చి అమ్మ ఒళ్ళో పోసి, ఆ తర్వాత కూర్చుని చేపలు కడిగేవాడు. అత్తగారు పసింగ్ సంగతి సరేసరి. శనివారం వచ్చిందంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి మామగారి జీతం కవరు విప్పకుండానే లాక్కునేదని వీధంతా చెప్పుకుంటారు. ఆవిడే కోడలికి ఫోన్లో బుద్ధి చెప్పింది. "కార్డు వాడి దగ్గరే ఉండనీ అమ్మా. అసలే నీ వీసా మీద బతుకుతున్నాడు. ఆమాత్రం మగతనం కూడా లేకపోతే ఎలా?"

తర్వాత ఈ దేశం మారింది. ఒక్కొక్కటే సడలిపోయింది. రోవీనా వార్డులో పనిచేసే సౌదీ ఆడపిల్లలు వాళ్ళ కార్లు వాళ్ళే నడుపుకుంటూ వస్తున్నారు. దుకాణాల్లో బిల్లు కొట్టేది కూడా ఆడపిల్లలే. బురఖా వేసుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్ళది. రోవీనా ఇంట్లో మాత్రం పాత సౌదీయే నడుస్తోంది. తను డ్రైవింగ్ నేర్చుకుంటానని ఒకసారి అంది. ఎఫ్రెన్ మొహం చిన్నబుచ్చుకుని, "నువ్వు కూడా నడిపితే ఇక నేనెందుకు ఇక్కడ?" అన్నాడు. అప్పుడు జాలేసి ఊరుకుంది. తీరిగ్గా ఆలోచిస్తే ఆ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర కూడా లేదు.

"కార్న్డ్ బీఫ్ డబ్బాలు పెద్దవి తీసుకో. క్రితంసారి చిన్నవి పంపామని అమ్మ ఎంత బాధపడిందో!" అన్నాడు ఎఫ్రెన్.

ఇవాళ్టి సరుకులు ఇంటికి కాదు, పెట్టెకి. వాళ్ళ హాల్లో నడుమెత్తు అట్టపెట్టె ఒకటి ఎప్పుడూ నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది. నిండాక ఓడెక్కి ఇలోయిలో చేరుతుంది. సబ్బులు, లోషన్లు, తువ్వాళ్ళు, చాక్లెట్లు, ఆడపడుచు జెమ్మాకి సెంటు బుడ్లు. మోకాళ్ళ మీద కూర్చుని సర్దేది రోవీనా. ఎక్కడా సందు ఉండకూడదు, సందు కనిపిస్తే అందులో మేజోళ్ళు కుక్కాలి. అంతా అయ్యాక పెట్టె మీద పెద్దక్షరాలతో 'మీ ఎఫ్రెన్' అని రాసేది ఎఫ్రెన్. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు. ఇక్కడ అల్లుడు లేడు, కోడలి సొమ్ము కొడుకు దానం. అక్కడ ఆ పెట్టెని ఇరుగుపొరుగుని పోగేసి విప్పుతారు. ఒక్కొక్కటీ పైకెత్తి చూపిస్తూ, "మా వాడు బంగారం!" అని అత్తగారు ముద్దులు పెడుతుంటే వీడియోలో చూడటం రోవీనాకి అలవాటే. "ఆసుపత్రిలో చేతి తొడుగులు, దూది, ప్లాస్టర్లు ఊరికే పడుంటాయిగా, అవీ నాలుగు పడెయ్యి" అని ఎఫ్రెన్ ప్రతిసారీ అంటాడు. ఆమె ప్రతిసారీ తేనంటుంది. "నీ నీతి ఎవడికి కావాలి?" అని అతను మూతి తిప్పుకుంటాడు.

అన్నీ అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒక్కటే, పోయినవారం అత్తగారు ఫోన్లో అన్నమాట.

పోయిన నెల చివర్లో కైలా పెద్దమనిషి అయింది. రోవీనా కూతుర్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి మూడో మెట్టు మీంచి దూకించింది, నెలనెలా ఆ రక్తం మూడు రోజుల్లోనే ఆగిపోవాలని. అది వాళ్ళ ఊరి నమ్మకం. తనని వాళ్ళమ్మ అలాగే దూకించింది. తల్లీకూతుళ్ళిద్దరూ పొట్టపట్టుకుని నవ్వుకున్నారు. ఎఫ్రెన్ తలుపు తీసి, "ఆ గంతులేంటి? నలుగురూ చూస్తారు, ఇది సౌదీ!" అని కసిరాడు. ఆ సాయంత్రమే వాళ్ళమ్మకి చెప్పేశాడు. వారం తిరక్కుండా ఆవిడ ఫోను.

"పిల్ల ఎదిగిందిగా, ఇంకా ఆ ఇసకలో ఎందుకే? నాకా మోకాళ్ళు పట్టేశాయి. జెమ్మా ఇద్దరు పిల్లల్తో ఒక్కత్తే చస్తోంది. ఈసారి పెట్టెతో పాటు పిల్లని కూడా పంపెయ్యండి. ఇక్కడే చదువుకుంటుంది, మాకూ సాయంగా ఉంటుంది."

పెట్టెతో పాటు. సబ్బులతో, తువ్వాళ్ళతో పాటు.  ఎఫ్రెన్, "అమ్మ చెప్పింది నిజమే. ఆడపిల్ల ఎదిగాక ఈ దేశంలో కష్టం" అన్నాడు. 'సాయం' అనే మాట రోవీనాకి బాగా తెలుసు. తనకి పన్నెండేళ్ళప్పుడు చదువుకోవడానికని మనీలాలో పెద్దమ్మ ఇంటికి పంపారు. వెళ్ళి ఆ ఇంటిల్లిపాదికీ బట్టలుతికింది. పుస్తకం పట్టుకుంటే, "ముందు ఆ బకెట్ సంగతి చూడు" అనేవాళ్ళు. అందులో చెడ్డతనం ఎవరికీ కనిపించలేదు. అయినవాళ్ళకి సాయం చేస్తోంది, అంతే.

"అమ్మా, అక్కడికెళ్తే జెమ్మత్త పిల్లలకి స్నానాలు నేనే చేయించాలా?" అని కైలా ఒకటే అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికెళ్ళిపోయింది. 

ట్రాలీ నిండింది. ఆడవాళ్ళ సామాన్ల వరస దగ్గర రోవీనా ఆగి, కూతురి కోసం ప్యాడ్లు రెండు ప్యాకెట్లు తీసి లోపల పెట్టింది. బిల్లు దగ్గరికి వచ్చాక ఎఫ్రెన్ ట్రాలీలోకి తొంగిచూసి, ఆ ప్యాకెట్లు చేత్తో పైకెత్తాడు. వెనక వరసలో వాళ్ళ ఊరివాళ్ళే నలుగురు నిలబడి ఉన్నారు.

"ఇవెందుకు, రెండు? మీ వార్డులో ఊరికే ఉంటాయిగా. పిల్లకి అవి చాలు. వీటి బదులు జెమ్మాకి ఇంకో లోషన్ వస్తుంది."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. కైలా చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆ పిల్ల తల్లి వైపు చూడలేదు, తండ్రి వైపూ చూడలేదు, నేల వైపు చూస్తూ నిలబడింది. పదమూడేళ్ళకే నేల చూపులు నేర్చేసుకుంది. అవి చూసి నేర్చుకున్నవేనని రోవీనాకి తెలిసింది. ఇన్నాళ్ళూ ఇంట్లో నేల చూసింది ఇంకెవరు?

ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానని చెప్పుకున్నాడట వెనకటికొకడు. వీడు అదీ పెట్టడు. ఆమె అన్నం తాను తిని, ఊరికి ఉపకారం చేస్తున్నాడు. ఎఫ్రెన్ చేతిలోని ప్యాకెట్ల వైపు చూస్తే రోవీనాకి కోపం రాలేదు, ఏడుపు రాలేదు. పొద్దుటి చొక్కాల్ని ముట్టుకున్నప్పటి ఆ వికారమే మళ్ళీ కడుపులోంచి లేచి గొంతు దాకా వచ్చింది. వికారం లేచాక మింగకూడదు, కక్కెయ్యాలి. నర్సుకి అదొకరు చెప్పాలా?

ఆమె అతని చేతిలోంచి ప్యాకెట్లు తీసుకుని బిల్లు కొట్టే పిల్ల ముందు పెట్టింది. "ముందు ఇవి" అంది. ఎఫ్రెన్ వెనకవాళ్ళని చూసి పర్సు తీశాడు.

బయటికొచ్చాక పక్క సందులో సూట్‌కేసుల కొట్టుకి దారితీశాడు. ముసలి పెషావర్ ఆయన కొట్టు అది. ఎఫ్రెన్ హుషారుగా గులాబీరంగు సూట్‌కేసు ఒకటి లాగి, చక్రాలు తిప్పి చూశాడు.

"మా అమ్మాయికి. సొంతూరు వెళ్తోంది" అని కొట్టాయనకి చెప్పి, రోవీనా వైపు తిరిగాడు. "వెంగ్, పనిలో పని ఆ అనుమతి కూడా కానిచ్చెయ్యి. వారం నుంచి చెప్తున్నా. నీ ఫోన్లోనేగా, ఎంతసేపు?"

అవును, ఆమె ఫోన్లోనే. దేశం దాటాలంటే సర్కారు అనుమతి కావాలి. అది ఇంటిపెద్ద నొక్కితేనే వస్తుంది. ఆ సర్కారు లెక్కలో ఇంటిపెద్ద రోవీనా, ఆమె పేరు కింద ఆమె మీద ఆధారపడిన మనుషులు ఇద్దరు. సౌదీలో ఇది ఇలా, అది అలా అని పొద్దస్తమానం వల్లించే ఎఫ్రెన్ ఈ ఒక్క సౌదీ సంగతి ఎప్పుడూ ఎత్తడు. ఏటేటా అతని కార్డు గడువు పొడిగించేది ఆమె బొటనవేలే.

ఆమె ఫోను తెరిచింది. కైలా సూట్‌కేసుల వరస చాటుకి జరిగి నిలబడింది. 

తెర మీద రెండు పేర్లు వచ్చాయి. ఒకటి నొక్కింది. వెళ్ళి రావడానికా, వెళ్ళిపోవడానికా అని ఫోను అడిగింది. దానికీ జవాబు నొక్కింది. ఆమె చెయ్యి రక్తనాళం వెతికి సూది దించేటప్పుడు ఎంత నిలకడగా ఉంటుందో అంత నిలకడగానే ఉంది.

"ఈ గులాబీది వద్దండీ. పెద్దది చూపించండి. మగవాళ్ళ బట్టలు పట్టాలి" అంది కొట్టాయనతో.

"మగవాళ్ళవా? ఎవరివి?" ఎఫ్రెన్ నవ్వాడు.

"నీవి. మీ అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. జెమ్మాకి చెయ్యాడట్లేదు. ఇంటికి పెద్దకొడుకువి, ఇక్కడ పని చేయడానికి కూడా వీల్లేని మనిషివి. వెళ్ళి వాళ్ళకి సాయం చెయ్యి."

"జోకులా?" అంటూండగానే అతని జేబులో ఫోను మోగింది. తీసి చదివాడు. మళ్ళీ చదివాడు. "వెంగ్, ఇదేంటి? నా పేరు వచ్చింది. పొరపాటున నాది నొక్కావు. తుడిచెయ్యి, తొందరగా తుడిచెయ్యి."

"పొరపాటు కాదు. నా ఏటీఎం కార్డు ఇలా ఇవ్వు."

తుడవాలన్నా ఆమె వేలే కావాలని గుర్తొచ్చిందేమో, ఆమె చాపిన చేతిలో కార్డు పెట్టేశాడు. ఆ తర్వాత కొట్టాయన వైపు తిరిగాడు, మగవాడికి మగవాడు ఏదైనా అంటాడేమోనని. పెద్దాయన వీళ్ళ సొంత భాషలోని మాటలు అర్థం కాక, పైనుంచి రెండు నల్ల సూట్‌కేసులు దించే పనిలో ఉన్నాడు. దుమ్ము తుడిచి రెంటినీ రోవీనా ముందు నిలబెట్టాడు. చాటునుంచి కైలా మెల్లిగా వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"ఇది గట్టిది మేడమ్, వస్తూపోతూ ఉండే మనిషికి ఏళ్ళతరబడి ఉంటుంది" అన్నాడాయన. "ఇది చవకది. ఒక్కసారి పోవడానికైతే ఇది చాలు."

"ఒక్కసారి పోవడానికే" అంది రోవీనా.